ఆకురాలే కాలంలో కొండల్లో నాలుగు రోజుల సైకిల్ యాత్ర: దూరం, బరువు, విడిభాగాలు ఎలా లెక్కేసుకోవాలి?

కొండగాలి:

అందరికీ నమస్కారం. ఆకురాలే కాలం మధ్యలో నలుగురు స్నేహితులం కలిసి నాలుగు పగళ్లు, మూడు రాత్రులు కొండల్లో బైక్‌ప్యాకింగ్ (సామాను సైకిల్‌కే కట్టుకుని తిరగడం) అనుకుంటున్నాం. మొత్తం 170 కి.మీ., ఎక్కుడు 5,200 మీటర్లు. సగానికి పైగా సింగిల్ ట్రాక్ (ఒక్క సైకిలే పట్టే సన్నటి బాట), మిగతాది అడవిలో మట్టి రోడ్డు. దారిలో అన్నిటికన్నా ఎత్తైన కనుమ 2,300 మీటర్లు. రాత్రి మకాములు 1,500 నుంచి 1,800 మీటర్ల మధ్య.

రెండు హార్డ్‌టెయిళ్లు (ముందు మాత్రమే సస్పెన్షన్ ఉన్నవి), రెండు ఫుల్ సస్పెన్షన్ (ముందూ వెనకా ఉన్నవి; వెనక ట్రావెల్, అంటే చక్రం పైకి కదిలే దూరం, 140 మి.మీ.). అన్నీ 29 అంగుళాల చక్రాలు, 2.4 అంగుళాల టైర్లు, ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబ్ లేనివి), డిస్క్ బ్రేకులు. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చే రైడ్‌లు అందరికీ అలవాటే. సామాను కట్టుకుని రాత్రి బయట ఉండటమే కొత్త.

1. రోజుకు 42, 43 కి.మీ. సాధ్యమేనా?
2. బరువు సైకిల్ మీద ఎక్కడ, ఎంత పెట్టాలి? సస్పెన్షన్, టైరు గాలి మార్చాలా?
3. విడిభాగాల్లో ఎవరికి వాళ్లు తెచ్చుకోవాల్సినవేవి, నలుగురికీ కలిపి ఒకటి చాలేవేవి?
4. ఆ రోజుల్లో 1,000 మీటర్ల ఎత్తున తెల్లవారుజామున 8 డిగ్రీలు ఉంటోంది. స్లీపింగ్ బ్యాగ్ ఏ రేటింగ్‌ది కావాలి?

మలుపు:

మొదటి ప్రశ్నకు నా జవాబు: మీ ప్లాన్ ఎండాకాలానికి సరిపోతుంది, ఆకురాలే కాలానికి సరిపోదు. కిలోమీటర్ల నుంచి కాకుండా వెలుతురు నుంచి వెనక్కి లెక్కేయండి.

సామానుతో మిశ్రమ దారిలో చదునుకు గంటకు 9 కి.మీ. అనుకోండి. 42 కి.మీ.కి 4 గంటల 40 నిమిషాలు. దాని మీద ప్రతి 100 మీటర్ల ఎక్కుడికి 11 నిమిషాలు కలపండి. రోజుకు 1,300 మీటర్లంటే ఇంకో 2 గంటల 20 నిమిషాలు. అంటే చక్రం తిరిగే సమయమే 7 గంటలు. నలుగురు కలిసి వెళ్తే ఎవరో ఒకరు జాకెట్ తీయాలి, ఎవరిదో పట్టీ వదులవుతుంది. గంటకు 10 నిమిషాలు అలా పోతాయి. భోజనం, నీళ్లు పట్టుకోవడం ముప్పావు గంట. మొత్తం 9 గంటలు.

ఇక వెలుతురు. రాత్రీ పగలూ సమానంగా ఉండే రోజు దాటాక 45 డిగ్రీల అక్షాంశం దగ్గర పగలు రోజుకు దాదాపు 3 నిమిషాల చొప్పున తగ్గుతుంది. అయిదారు వారాలకు పదింబావు గంటల దగ్గరికి వస్తుంది. తెల్లారాక లేచి, వండుకుని, తడి టెంట్ మడిచి బయల్దేరేసరికి గంటన్నర నుంచి రెండు గంటలు. పొద్దు గుంకడానికి గంట ముందే మకాం చేరాలి. మిగిలేది ఏడు, ఏడున్నర గంటలు. 9 గంటల పని అందులో పట్టదు.

రెండు దారులున్నాయి. చీకట్లోనే లేచి హెడ్‌ల్యాంప్ వెలుగులో సర్దుకుని, తొలి వెలుతురుకి చక్రం కదిలించడం ఒకటి. రోజుకు 32 నుంచి 35 కి.మీ.కి తగ్గించి మొత్తం 135 కి.మీ. దగ్గర ఆపుకోవడం ఇంకొకటి. సామానుతో మొదటిసారి వెళ్తున్నారు కాబట్టి రెండోదే పట్టుకోండి. అందులోనూ మొదటి రోజు 25 కి.మీ. దాటనివ్వొద్దు. సంచులన్నీ కుదురుకునేది ఆ రోజే.

కనుమను మధ్యాహ్నం లోపు దాటేలా ముందు రాత్రి మకాం పెట్టుకోండి. సైకిల్ తోసుకుంటూ ఎక్కాల్సిన చోట గంటకు 250 నుంచి 300 మీటర్ల ఎత్తుకు మించి ఆశించకండి. వెనుదిరిగే గడియారం ముందే రాసిపెట్టుకోండి: ఉదాహరణకు 12:30కి కనుమ మీద లేకపోతే వెనక్కే, వాదన లేదు. ప్రతి రోజుకీ లోయలోకి దిగిపోయే ఒక అడ్డదారి మ్యాప్‌లో గుర్తుపెట్టాలి. ఆ మ్యాప్ నలుగురి ఫోన్లలోనూ ఆఫ్‌లైన్‌లో ఉండాలి, ఒక్కరి దగ్గరుంటే చాలదు.

ఈ కాలానికే ప్రత్యేకమైన చిక్కు రాలిన ఆకులు. పొడి ఆకుల కింద రాళ్లు, వేర్లు కనిపించవు. తడి ఆకులు తడి వేరు మీద పడితే ముందు చక్రం చెప్పకుండా జారుతుంది. అలాంటి చోట వేరును ఏటవాలుగా కాకుండా, వీలైనంత లంబకోణంలో దాటాలి. బ్రేకు దానికి ముందే వేసి, వేరు మీదికి వచ్చేసరికి వదిలేయాలి. దారి కూడా ఆకుల కింద మాయమవుతుంది కాబట్టి చీలికలు దాటిపోతారు. గుంపుకి ఒకటే నియమం: చీలిక దగ్గర వెనకవాళ్లు కంటికి కనిపించే దాకా ఎవరూ కదలకూడదు. మ్యాప్ చూసేవాళ్లు ముందు, పనిముట్లూ ఫస్ట్ ఎయిడూ ఉన్నవాళ్లు చివర. చెడిపోయిన సైకిల్ ఎప్పుడూ వెనకే ఉంటుంది, పనిముట్లు ముందుకెళ్లిపోతే ఎవరికీ అందవు.

మరో మాట. ఈ నెలల్లో వేటకు అనుమతి ఉండే అడవులు ఉంటాయి. తేదీలు కనుక్కోండి, ముదురు నారింజ రంగు ఏదో ఒకటి పైన వేసుకోండి. టెంట్ వేయొచ్చా, మంట పెట్టొచ్చా అన్నది కూడా ముందే అడగాలి.

ఇరుసు:

2, 3 ప్రశ్నలు నాకు వదిలేయండి.

బరువుది ఒకటే సూత్రం: గట్టిగా, చిన్నగా, బరువుగా ఉండేవి ఫ్రేమ్ మధ్యలోకి, తేలిగ్గా, ఉబ్బుగా ఉండేవి చివర్లకి. ఫ్రేమ్ సంచిలో అడుగున పనిముట్లు, నీళ్లు, పైన తిండి, పవర్‌బ్యాంక్. హ్యాండిల్‌బార్ చుట్టలో స్లీపింగ్ బ్యాగ్, మ్యాట్. 2 నుంచి 2.5 కిలోల లోపు. అంతకు మించితే ముందు చక్రం మలుపులో ఆలస్యంగా తిరుగుతుంది, చిన్న గట్టు మీద కూడా ఎత్తబుద్ధి కాదు. సీటు వెనక సంచిలో బట్టలు, టెంట్ గుడ్డ, అదీ 2.5 కిలోల లోపే. అందులో కాస్త బరువైనది ఏదున్నా సీట్‌పోస్ట్‌కి ఆనుకునే వైపు, అంటే సంచి ముక్కులోకి కూరండి. బరువు తోకలో ఉంటే నిలబడి తొక్కినప్పుడల్లా సంచి కుక్క తోకలా అటూ ఇటూ ఊగుతుంది, పట్టీ ఎంత బిగించినా ఆగదు. వీపు సంచి వాడితే 3 కిలోలు దాటొద్దు, దాటితే రెండో రోజుకే నడుము, పిర్రలు మొరాయిస్తాయి.

హ్యాండిల్‌బార్ చుట్ట కట్టేటప్పుడు బ్రేక్ హోసులు, గేర్ కేబుల్ దాని వెనక నొక్కుకుపోకుండా చూడండి. చుట్టకీ బార్‌కీ మధ్య రెండు ఫోమ్ ముక్కలు పెడితే 2, 3 సెం.మీ. సందు దొరుకుతుంది. కేబుల్ మడతపడితే గేరు దానంతటదే దూకుతుంటుంది. అప్పుడు చాలామంది డీరైలర్‌ని (చెయిన్‌ని జరిపి గేరు మార్చే భాగాన్ని) తిప్పి తిప్పి ఇంకా పాడుచేస్తారు. పట్టీ తగిలే ప్రతి చోటా ఫ్రేమ్ మీద రక్షణ టేపు అంటించండి. బురద చేరిన పట్టీ గరుకు కాగితంలా పెయింట్‌ని తినేస్తుంది.

సస్పెన్షన్: సామానంతా కట్టి, మనిషి ఎక్కి కూర్చున్నాకే సాగ్ (బరువుకి సస్పెన్షన్ ఎంత అణుగుతుందో) చూడాలి. ఫోర్క్ (ముందు సస్పెన్షన్) 15 నుంచి 20 శాతం, వెనక షాక్ 25 నుంచి 30 శాతం. ముందు 2.5 కిలోలు పెడితే ఫోర్క్‌లో మామూలుగా 5 నుంచి 10 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అదనం పడుతుంది. గాలి పెంచినప్పుడు రీబౌండ్ (అణిగాక తిరిగి లేచే వేగం) ఒకటి రెండు క్లిక్కులు నెమ్మది చేయండి, లేదంటే బరువుతో సహా ఎగరేస్తుంది.

టైరు గాలి: 75 కిలోల మనిషికి 2.4 టైరులో మామూలుగా ముందు 20, వెనక 23 పీఎస్ఐ పెడుతున్నారనుకుంటే, సామానుతో ముందు 1 నుంచి 2, వెనక 3 పెంచండి. రాయికి రిమ్ తగిలిన చప్పుడు వినిపిస్తే ఇంకో 2. కనుమ మీద గాలి తీయాలా అని అడుగుతుంటారు. 1,000 నుంచి 2,300 మీటర్లకు ఎక్కితే బయటి గాలి ఒత్తిడి తగ్గడం వల్ల టైరులో గేజ్ దాదాపు 2 పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. అదే సమయంలో టైరు 20 డిగ్రీల నుంచి 5 డిగ్రీలకు చల్లబడితే దాదాపు అంతే తగ్గుతుంది. ఒకదానికి ఒకటి చెల్లు. పైన ముట్టుకోకండి. పొద్దున మకాంలో చల్లగా ఉన్నప్పుడు గేజ్ పెట్టి చూస్తే చాలు.

సీలెంట్ (టైరులో పోసే, చిల్లులు మూసే ద్రవం) ఎండిపోయి ఉంటుంది, ఎండాకాలంలో పోసిందైతే మరీ. బయల్దేరే వారం ముందు టైరు ఒక పక్క విప్పి చూడండి. లోపల రబ్బరు ఉండలు మాత్రమే కనిపిస్తే అవి తీసేసి, టైరుకి 100 నుంచి 120 మి.లీ. కొత్తది పోయండి.

ఇప్పుడు బ్రేకులు. నలుగురినీ ఒకేసారి ఆపేసేది ఇదే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. తడి మట్టి, ఇసుక, కుళ్లిన ఆకులు కలిసిన బురద ప్యాడ్‌కీ రోటర్‌కీ (చక్రంతో తిరిగే బ్రేకు పళ్లేనికీ) మధ్య సానరాయిలా పనిచేస్తుంది. ఆర్గానిక్ ప్యాడ్లు (రెజిన్ అని రాసి ఉండేవి) అలాంటి బురదలో, సామానుతో, పొడుగు దిగుడు ఉంటే ఒకటి రెండు రోజుల్లో లోహం దాకా అరిగిపోగలవు. సింటర్డ్ ప్యాడ్లు (లోహపు పొడితో చేసినవి) వేసుకోండి. తడిలో అరుస్తాయి, అరవనివ్వండి. అయితే ముందు రోటర్ మీద చూడండి: రెజిన్ ప్యాడ్లకు మాత్రమే అని చెక్కి ఉంటే సింటర్డ్ వేయకూడదు, రోటర్‌నే తినేస్తాయి. చక్రం తీసి, వెనక నుంచి టార్చి కొట్టి చూడండి. ఇనుప పలక మీద మిగిలిన మందం 1.5 మి.మీ. కంటే తక్కువుంటే ఇంటి దగ్గరే మార్చేయండి. దారిలో 1 మి.మీ. లోపుకు వస్తే మార్చాలి. ప్రతి ఒక్కరూ సొంతంగా ఒక అదనపు జత తెచ్చుకోవాలి. మోడల్‌కో ఆకారం ఉంటుంది, పక్కవాళ్లది సరిపోదు.

కొత్త ప్యాడ్లు వేయగానే పట్టవు. గంటకు 20 కి.మీ. వేగం నుంచి నడక వేగానికి, చక్రం లాక్ అవ్వకుండా, ఒక్కో బ్రేకుకి 20 సార్లు తగ్గిస్తే కుదురుకుంటాయి. అందుకే కనుమ పైన ప్యాడ్లు మార్చి నేరుగా దిగుడులోకి వెళ్లకండి. ముందు రాత్రి మకాంలో చూసి, అక్కడే మార్చుకుని, పొద్దున ఎక్కేముందు చదును మీద కుదర్చండి.

దిగుడులో బ్రేకును కిలోమీటర్ల తరబడి పట్టి ఉంచితే వేడెక్కి లీవర్ మెత్తబడుతుంది. గట్టిగా పట్టి వేగం తగ్గించి, వదిలి, మళ్లీ పట్టండి. చక్రం తీసినప్పుడు ఎవరో పొరపాటున లీవర్ నొక్కేస్తారు, ప్యాడ్లు రెండూ అతుక్కుంటాయి. ప్లాస్టిక్ టైర్ లీవర్‌ని మధ్యలో దూర్చి నెమ్మదిగా తోయండి, స్క్రూడ్రైవర్ వద్దు. ఆ సందులో పెట్టే ప్లాస్టిక్ ముక్క ఒకటి దగ్గరుంచుకుంటే ఈ గొడవే లేదు.

ఎవరికి వాళ్లు:
— ట్యూబ్ 1, టైర్ లీవర్లు 2, ట్యూబ్‌లెస్ ప్లగ్ కిట్ (టైరు చిల్లులో దూర్చే రబ్బరు ముక్కలు)
— సొంత డీరైలర్ హ్యాంగర్ (డీరైలర్‌ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే ముక్క), దాని బోల్టుతో సహా
— బ్రేక్ ప్యాడ్లు ఒక జత
— క్విక్ లింకులు (తెగిన చెయిన్‌ని కలిపేవి) 2, మీ చెయిన్ స్పీడ్‌వి, అంటే వెనక పళ్లచక్రాల సంఖ్యకి తగినవి (11 స్పీడ్‌ది 12కి పనికిరాదు)

నలుగురికీ కలిపి:
— ఎక్కువ గాలి కొట్టే పంపులు 2, షాక్ పంపు 1, గేజ్ 1
— చెయిన్ కట్టర్ ఉన్న మల్టీటూల్ (టీ25 నక్షత్రపు మొన, 8 మి.మీ. అలెన్ కీ తప్పనిసరి), పొడుగు ముక్కు పటకారు
— సీలెంట్ 120 మి.లీ., వాల్వ్ కోర్లు 2, కోర్ విప్పేది
— టైర్ బూట్ (చీలిక లోపల వేసే గట్టి అతుకు) 2, లావు సూది, పళ్లు శుభ్రం చేసుకునే ఫ్లాస్ (సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, కుట్టడానికి మామూలు దారం కన్నా మేలు)
— గేర్ లోపలి తీగ 1, తాడు రకం ఎమర్జెన్సీ స్పోక్ 1, స్పోక్ కీ
— ఎం5 బోల్టులు 4, జిప్ టైలు 10, గట్టి గుడ్డ టేపు 2 మీటర్లు, చెయిన్ ఆయిల్ 60 మి.లీ. (తడికి వాడే రకం)

హ్యాంగర్ గురించి ఒక్క ముక్క. ఆకుల్లో దాగిన పుల్ల స్పోకుల్లో ఇరుక్కుని డీరైలర్‌ని వెనక్కి లాగేస్తుంది. చక్రంలో టకటకమని వినిపించగానే తొక్కడం ఆపండి. చూద్దాంలే అని ఇంకో అర చుట్టు తొక్కితే హ్యాంగర్ విరుగుతుంది, ఒక్కోసారి డీరైలర్ కూడా స్పోకుల్లోకి పోతుంది.

నెగడు:

ఇరుసు గారి జాబితాతో నాకు పేచీ లేదు, ట్యూబుల విషయంలో తప్ప. అన్నీ ఒకే సైజు చక్రాలు, అందరికీ ప్లగ్గులున్నాయి. నలుగురికి రెండు ట్యూబులు చాలు, దాదాపు అరకిలో తగ్గుతుంది.

స్లీపింగ్ బ్యాగ్: ఎత్తు పెరిగితే సగటున 1,000 మీటర్లకు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. 1,000 దగ్గర 8 అంటే 1,800 దగ్గర 3. ఆకాశం తేటగా ఉండి, గాలి లేని రాత్రయితే పల్లంలో సున్నాకి, దాని కిందకీ పోతుంది. రేటింగ్ చూసేటప్పుడు ‘కంఫర్ట్’ అంకె చూడండి. ‘లిమిట్’ అంకె ముడుచుకుని పడుకునే మనిషికి, ‘ఎక్స్‌ట్రీమ్’ అయితే ప్రాణం నిలుపుకోవడానికి. ఆ రెండూ చూసి కొనొద్దు. మీకు కంఫర్ట్ మైనస్ 2 దగ్గరిది కావాలి. దాని కన్నా ముఖ్యం మ్యాట్. దాని ఆర్ వాల్యూ (చలిని ఆపే శక్తి కొలత) 3.5కి తగ్గితే ఎంత మంచి బ్యాగ్ అయినా కింద నుంచి చలి లాగేస్తుంది, ఎందుకంటే ఒంటి కింద నలిగిన దూదిలో గాలి ఉండదు.

చల్లగాలి నీళ్లలా పల్లానికి జారి నిలుస్తుంది. వాగు ఒడ్డున కాకుండా 30, 40 మీటర్లు పైకెక్కి, చెట్ల అంచున టెంట్ వేయండి. మంచు తడి తక్కువ, పొద్దున మడిచే బరువూ తక్కువ. పైన ఎండుకొమ్మలు వేలాడుతున్నాయేమో చూసుకోండి. పడుకునే బట్టలు ఒక జత నీళ్లు చొరని సంచిలో విడిగా ఉండాలి, ఏం జరిగినా వాటితో తొక్కకూడదు.

ఎక్కేటప్పుడు చెమట, దిగేటప్పుడు వణుకు: ఈ కాలంలో ఒళ్లు చల్లబడేది ఇలాగే. 5 డిగ్రీల్లో గంటకు 30 కి.మీ. వేగంతో దిగితే ఒంటికి సున్నాలాగే తగులుతుంది. కనుమ మీద ఆగగానే, ఫోటోల కంటే ముందు, తడి లోపలి చొక్కా మార్చి జాకెట్, పూర్తి గ్లౌజులు వేసుకోండి. ఎవరైనా వణుకుతూ మాట తడబడుతుంటే, బకిల్ పెట్టుకోలేకపోతుంటే ఆగి పొడి బట్టలు, గాలికి అడ్డు, తీపి వేడి పానీయం. తొక్కితే వెచ్చబడతారని ముందుకు తోయొద్దు.

గ్యాస్: లీటరు నీళ్లు మరిగించడానికి 12 నుంచి 15 గ్రాములు పడుతుంది, గాలి ఉంటే ఇంకా ఎక్కువ. నలుగురికి రోజుకు 6 లీటర్లు అనుకుంటే 80, 90 గ్రాములు. మూడు రాత్రులకు 230 గ్రాముల డబ్బా ఒకటి, 100 గ్రాములది ఒకటి. డబ్బా మీద ఐసోబ్యూటేన్, ప్రొపేన్ మిశ్రమం అని ఉండాలి. మామూలు బ్యూటేన్ సున్నా దగ్గర ఆవిరి కాదు, మంట సన్నగిల్లి ఆరిపోతుంది.

నీళ్లు: ఎండాకాలం చివరికి చిన్న వాగులు ఎండిపోయి ఉంటాయి, మ్యాప్‌లో నీలి గీత చూసి నమ్మకండి. మకాంకి ముందు కచ్చితంగా పారే చోట మనిషికి 3 లీటర్లు నింపుకోండి. సన్నటి గొట్టాల ఫిల్టర్ వాడితే అది ఒక్కసారి గడ్డకట్టినా లోపల పగిలిపోతుంది, బయటికి తెలియదు. రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోండి. ఫోను, పవర్‌బ్యాంక్, లైటు కూడా అందులోకే. లిథియం బ్యాటరీలు చలికి తక్కువిస్తాయి, సున్నా కింద వాటిని ఛార్జ్ చేయకూడదు.

తిండి మనిషికి రోజుకు 800 గ్రాములు, పొడి సరుకు అయితే దాదాపు 3,500 కిలోకేలరీలు. తొక్కే ప్రతి గంటకీ 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం చేతికి అందే చోట ఉండాలి.

ఇరుసు:

ట్యూబుల మీద నా మాట మార్చుకోను, నెగడు గారూ. సైడ్‌వాల్ చీలితే ప్లగ్ ఆగదు. బూట్ వేసి ట్యూబ్ పెట్టాల్సిందే. పైగా ట్యూబ్‌లెస్ టైరు లోపల పాత ముళ్లు గుచ్చుకుని ఉంటాయి. సీలెంట్ వాటిని మూసేసింది కాబట్టి ఇన్నాళ్లు తెలియలేదు. ట్యూబ్ పెట్టగానే పది నిమిషాల్లో మళ్లీ పంక్చర్, రెండో ట్యూబూ పోతుంది. లోపల మొత్తం గుడ్డతో తుడిచి (గుడ్డ ముల్లుకి చిక్కుకుంటుంది, వేలు తెగదు), ప్రతి ముల్లూ పటకారుతో పీకాకే ట్యూబ్ పెట్టాలి. మనిషికొకటి ఉండనివ్వండి.

కొండగాలి:

చాలా థ్యాంక్స్ అండి. 135 కి.మీ.కి తగ్గించాం, మూడో రోజు పొద్దున కనుమ దాటేలా మకాములు మార్చాం. ఒక అనుమానం మిగిలింది. ఫుల్ సస్పెన్షన్లలో ఒకటి చిన్న సైజు ఫ్రేమ్. సీటు సంచి కడితే టైరుకి తగులుతుందేమోనని భయం. ఫ్రేమ్ లోపల కూడా షాక్ అడ్డం, 2 లీటర్ల సంచి మించి పట్టదు. ఎలా?

ఇరుసు:

ముందు కొలవండి. షాక్‌లో గాలి ఎంతుందో రాసిపెట్టుకుని మొత్తం తీసేయండి. సంచి నిండుగా కట్టి, దిగుడులో మీరు వాడే ఎత్తుకి డ్రాపర్ (సీటు ఎత్తు పెంచే, తగ్గించే పోస్టు) దించి, సీటు మీద పూర్తి బరువు వేసి అణచండి. ట్రావెల్ అంతా అయిపోయిన ఆ స్థితిలో టైరుకీ సంచికీ మధ్య కనీసం 3 సెం.మీ. ఉండాలి. లేకపోతే డ్రాపర్ కిందికి దిగే దూరాన్ని పరిమితం చేయాలి: పోస్టు బయటి గొట్టం పైన బిగించే క్లాంపు దొరుకుతుంది, సంచి పట్టీని కూడా దానికే కట్టొచ్చు. పట్టీని నేరుగా మెరిసే గొట్టానికి చుడితే మట్టి చేరి గీతలు పడి, సీలు పోతుంది.

3 సెం.మీ. ఎలాగూ రాకపోతే సీటు సంచి 5, 6 లీటర్లదే వాడండి. మిగతా ఉబ్బు సామాను ఆ గుంపులోని హార్డ్‌టెయిళ్ల మీదకి వెళ్లాలి. టెంట్ గుడ్డ ఒకరికి, కర్రలు, పెగ్గులు ఇంకొకరికి, స్టవ్ మరొకరికి. చిన్న ఫ్రేమ్ ఉన్న మనిషికి గ్యాస్ డబ్బా, మందుల పెట్టె లాంటి చిన్న బరువులు ఇవ్వండి. వాటిని డౌన్‌ట్యూబ్ (ఫ్రేమ్ కింది గొట్టం) కింద చిన్న సంచిలో కట్టొచ్చు, ముందు చక్రానికి తగలదని ఫోర్క్ అణచి చూశాక. ఫోర్క్ కాళ్లకు బుట్టలు బిగించే ఆలోచన ఉంటే, మీ ఫోర్క్ తయారీదారు దానికి అనుమతిస్తున్నారో లేదో చూడండి. బిగిస్తే ఒక్కో వైపు 1 కిలో లోపు మెత్తటి సామాను మాత్రమే.

ఇదంతా బయల్దేరే ముందు రాత్రి కాకుండా రెండు వారాల ముందు కట్టి, గతుకుల దారిలో 20 కి.మీ. తొక్కి రండి. సంచి బోల్టుల మరలకు, అవి వదులవకుండా పట్టే జిగురు ఒక చుక్క వేయండి, బిగించాక తలకీ ఫ్రేమ్‌కీ కలిపి మార్కర్‌తో ఒక గీత గీయండి. గీత విరిగి కనిపిస్తే బోల్టు వదులైనట్టే; రోజూ పొద్దున చక్రం కదిలించేముందు నలుగురి గీతలూ చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు.